ఆదివారం పూట తెలుగు ఎక్కడికి పోతోంది?



బెంగళూరులో తెలుగు నేర్పే ప్రతివారినీ తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "మా అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. వారానికి ఒక గంట పాఠం సరిపోతుందా అండీ?" రెండవది పాఠం ముగిసిన తరువాత, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అడిగేది. "సెలవు రోజున ఈ ఊళ్ళో పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలో తోచడం లేదు. మీకేమైనా తెలుసా?" ఇవి రెండూ వేరువేరు ప్రశ్నలని అడిగేవారి భావన. మొదటిదానికి ఉపాధ్యాయుడు ఒక వాచకం పేరు చెబుతాడు, రెండవదానికి నవ్వి ఊరుకుంటాడు. నా దృష్టిలో ఇవి రెండూ ఒకే ప్రశ్న. రెండవదానికి సరైన సమాధానం దొరకనంత కాలం మొదటిదానికి ఏ వాచకమూ సమాధానం చెప్పలేదు. మన పిల్లల తెలుగు చిక్కిపోతున్నది ముఖ్యంగా ఆదివారం నాడే. అందులో తల్లిదండ్రుల పాలు ఎంత ఉన్నదో, ఆదివారపు తరగతులు నడిపే ఉపాధ్యాయుల పాలూ అంతే ఉన్నది. ఎవరికి కోపం వచ్చినా ఈ మాట చెప్పక తప్పదు.

ముందుగా పిల్లల తెలుగు ఏ స్థితిలో ఉన్నదో చూడండి. ఒక మామూలు పనిదినాన, పొద్దున్న నిద్ర లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మీరు మీ బిడ్డతో తెలుగులో పలికిన వాక్యాలన్నీ ఒక కాగితం మీద వ్రాయండి. లే. పళ్ళు తోముకో. పాలు తాగు. తొందరగా కానియ్యి. బూట్లు వేసుకో. టీవీ కట్టెయ్యి. హోంవర్కు తియ్యి. తిను. ఇంకొంచెం తిను. పడుకో. నా తరగతి పిల్లల చేత ఈ పని ఎన్నోసార్లు చేయించాను. ఇంచుమించు ప్రతి కాగితమూ ఇట్లాగే ఉంటుంది. వ్యాకరణం చెప్పేవారికి ఇదేమిటో చూడగానే తెలుస్తుంది. అన్నీ విధ్యర్థక క్రియలే, అన్నీ మధ్యమ పురుష ఏకవచనాలే. కబుర్లు, కథలు, పరిహాసం, సందేహం, ఆశ్చర్యం, ఇవన్నీ ఎప్పుడో ఇంగ్లీషులోకి వలసపోయాయి. తెలుగుకు మిగిలింది ఆజ్ఞాపించే పని ఒక్కటే. ఆజ్ఞకు మాటతో జవాబు చెప్పనక్కరలేదు, పని చేస్తే చాలు. "అర్థమవుతుంది గాని నోరు తిరగదు" అని మీరు చెప్పే జబ్బు అక్కడ పుట్టింది.

ఇంతటితో ఆగదు. ఇంట్లో పెద్దలు ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, పనిమనిషితోను, కూరగాయల బండివాడితోను, కారు కడిగేవాడితోను మాత్రం తెలుగులో మాట్లాడడం పిల్లలు చూస్తూనే ఉంటారు. ఏ భాష ఎవరితో మాట్లాడాలో పిల్లలకు ఎవరూ పాఠం చెప్పరు, కాని ఆ పాఠాన్ని వాళ్ళు ఒక్కసారికే నేర్చుకుంటారు. తెలుగంటే పని చెప్పే భాష, పని చెప్పించుకునే భాష అని ఎనిమిదేళ్ళ పిల్ల నిశ్చయించుకుంటే తప్పు ఆ పిల్లది కాదు. ఇంట్లో తెలుగు సినిమాలు చూస్తాము కదా అని కొందరు సమాధానం చెబుతారు. ఆ సినిమాలలో కథానాయకుడు పలికేవి కూడా చాలావరకు ఆజ్ఞలు, సవాళ్ళే కదా!

తెలుగు వాక్యానికి ప్రాణం అసమాపక క్రియలో ఉన్నదని ఉపాధ్యాయ మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మనం పేర్లు పెట్టుకున్న ఈ నాలుగు రూపాలు నోటికి రాని పిల్ల తెలుగులో కథ చెప్పలేదు, అబద్ధం కూడా చెప్పలేదు. పరీక్షలో "చేసి అన్నది ఏ రూపం?" అని అడిగితే జవాబు వ్రాసి మార్కులు తెచ్చుకుంటుంది. కాని "మేము మెట్రో దిగి, నడుచుకుంటూ పోతుంటే వాన వచ్చింది" అనే ఒక్క వాక్యాన్ని తనంతట తాను కట్టలేదు. ఎందుకు కట్టలేదు? తెలుగులో చెప్పుకోదగిన సంఘటన ఏదీ ఆమె జీవితంలో జరగలేదు కనుక. బడిలో జరిగేది ఇంగ్లీషులో జరుగుతుంది, ఆటస్థలంలో జరిగేది ఇంగ్లీషు, హిందీ, కన్నడాల కలగూరగంపలో జరుగుతుంది. ఇక మిగిలింది తల్లిదండ్రులతో తీరికగా గడిపే ఒకే ఒక్క రోజు.

ఆ రోజును మనం ఏమి చేస్తున్నాము? మాల్‌కు తీసుకుపోతున్నాము.

మాల్ మీద నాకు పాతకాలపు మాస్టారి ఉక్రోషం ఏదీ లేదు. ఎండలో చల్లగా ఉంటుంది, వానలో తడవము, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. చిన్నపిల్లల తల్లులకు అది చిన్న విషయమేమీ కాదు. నేను చెప్పేది అక్కడి మాటల సంగతి. ఆటల గదిలో పిల్లవాడు కార్డు గీస్తాడు, యంత్రం కూస్తుంది, బంతులు రాలుతాయి, గంట అయిపోతుంది. తల్లి బయట కుర్చీలో ఫోను చూసుకుంటుంది, తండ్రి దుకాణాలలో తిరుగుతాడు. తరువాత భోజనాల అంతస్తులో ఆ హోరులో ఎవరి మాట ఎవరికీ వినబడదు. కొన్ని వందల రూపాయలు ఖర్చు చేసి, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోనక్కరలేని నాలుగు గంటలను కొనుక్కున్నాము. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగి చూడండి, "ఏం చూశావు నాన్నా?" అని. "ఇట్ వాజ్ ఫన్" అంటాడు. దానికి తెలుగు రాక కాదు, చెప్పడానికి అక్కడ ఏమీ లేక.

మాల్‌కు పోనివారు "యాక్టివిటీ"లకు పోతారు. ఉదయం ఈత, ఆ తరువాత కీబోర్డు, మధ్యాహ్నం రోబోలు, సాయంత్రం చదరంగం. వీటన్నిటి నడుమ పదిన్నర నుండి పదకొండున్నర వరకు తెలుగు! ఉపాధ్యాయ మిత్రులారా, ఇక్కడ మన వంతు వస్తుంది. వారంలో ఆరు రోజులు బల్లల ముందు కూర్చున్న పిల్లను ఏడవ రోజున కూడా ఒక క్లబ్ హౌస్ గదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, ణగుణింతం వ్రాయించి, తప్పులకు ఎర్రసిరా చుట్టి పంపే తరగతులు ఈ ఊళ్ళో ఎన్ని లేవు? పక్కింటి పిల్లలు కింద సైకిళ్ళు తొక్కుతుంటే ఆ కేకలు వింటూ ఈ పిల్ల గుణింతం వ్రాస్తుంది. తన ఆటను కాజేసిన శత్రువు పేరు తెలుగు అని ఆమె మనసులో ముద్ర పడుతుంది. పదేళ్ళు వచ్చేసరికి తరగతి మానేస్తుంది. అప్పుడు మనం "తల్లిదండ్రులకు భాషాభిమానం లేదు" అని వ్యాసాలు వ్రాస్తాము. అక్షరాలు వద్దని నేను అనడం లేదు. వారానికి ఉన్న ఒక్క గంటలో మాటకు తావు లేకుండా చేసి అక్షరాలను మాత్రమే నేర్పడం అన్యాయమంటున్నాను. మాట లేనివారికి అక్షరం ఎందుకు?

"ఇది కన్నడ దేశం. ఇంటి గుమ్మం దాటితే తెలుగెక్కడ ఉంటుంది?" అని అడిగేవారున్నారు. ఈ మాట నేను చాలామంది విద్యావంతుల నోట విన్నాను. 2011 జనగణన లెక్కలు తీసి చూడండి. ఈ నగరంలో ఇంచుమించు ప్రతి ఏడుగురిలో ఒకరి మాతృభాష తెలుగు. కృష్ణరాజేంద్ర మార్కెట్టు పూల అంగళ్ళలో, చిక్కపేట బట్టల దుకాణాలలో, మేస్త్రీల నోట, ఆటో డ్రైవర్ల నోట తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 1537లో బెంగళూరు కోటకు పునాది వేసిన కెంపేగౌడ తెలుగులో "గంగాగౌరీ విలాసం" అనే యక్షగానం రచించినట్లుగా చెబుతారు. గుమ్మం దాటితే తెలుగు లేదనే మాట నిజం కాదు. మనం గుమ్మం దాటి మాల్ గుమ్మం ఎక్కడం వలన అది మన చెవిని పడడం లేదు, అంతే.

కన్నడం సంగతి ఇంకా విచిత్రం. కన్నడం వలన పిల్లలు తికమకపడి తెలుగు మరచిపోతారని కొందరు తల్లిదండ్రుల భయం. ఈ భయం పూర్తిగా తలకిందులైనది. తెలుగు పిల్లకు కన్నడాన్ని మించిన తెలుగు వాచకం లేదు. బన్నేరుఘట్ట జంతుప్రదర్శనశాలకు తీసుకుపోండి (మంగళవారం మాత్రం వద్దు, సెలవు). బోనుల మీద పలకలుంటాయి. కన్నడంలో హులి అంటే మన పులి. హావు అంటే పాము. హంది అంటే పంది. మూడు పలకలు చదివేసరికి చురుకైన పిల్ల తానే కనిపెడుతుంది, వాళ్ళ "హ" ఉన్నచోట మన "ప" ఉంటుందని. ఇక ఆట మొదలు. హాలు? పాలు. హూవు? పువ్వు. హణ్ణు? పండు. హొగె? పొగ. హాడు? పాట. మీరు ఉండే మారతహళ్ళి, బొమ్మనహళ్ళి, దేవనహళ్ళిలో ఉన్న హళ్ళి ఏమిటి? పల్లె. హళగన్నడంలో ఈ మాటలు పకారంతోనే ఉండేవనీ, తరువాతి కాలంలో కన్నడంలో అది హకారంగా మారిందనీ అప్పుడు చెప్పండి. వినేవారుంటారు, ఎందుకంటే రహస్యాన్ని సగం వాళ్ళే విప్పారు. ఆట ఇంకొక మెట్టు ఎక్కించాలంటే "క" పట్టుకోండి. కెరె అంటే చెరువు, కివి అంటే చెవి, కై అంటే చేయి. అక్కడినుండి 2006లో ప్రారంభమైన సీతాకోకచిలుకల పార్కుకు నడవండి. "సీతాకోకచిలుక" అనే ఇంత అందమైన మాట తెలియక బటర్‌ఫ్లై అంటూ పెరిగిన పిల్లకు, ఆ రెక్కలు కళ్ళ ముందు ఆడుతుండగా ఆ మాట చెబితే ఇక మరచిపోదు. ఇదే మాటను క్లబ్ హౌస్‌లో పలక మీద వ్రాసి పదిసార్లు దిద్దించినా అంతగా నాటుకోదు.

అక్షరాలు కావాలన్నవారికి మెట్రో ఉన్నది. 2011 అక్టోబరులో మహాత్మాగాంధీ రోడ్డు, బయ్యప్పనహళ్ళి స్టేషన్ల మధ్య మొదలైన ఆ బండి ఇప్పుడు వైట్‌ఫీల్డునుండి చల్లఘట్ట వరకు నడుస్తోంది. ప్రతి స్టేషను పేరూ కన్నడంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. మన లిపి, వారి లిపి ఒకే తల్లి బిడ్డలు. శాసనాలు చదివేవారు పాతకాలపు ఆ ఉమ్మడి లిపిని తెలుగు-కన్నడ లిపి అనే పిలుస్తారు. తలకట్టు తీరు వేరు. కన్నడంలో కీ, కే, కో వంటి వాటి దీర్ఘాన్ని అక్షరం పక్కన ఒక కొక్కెంలాగా తగిలిస్తారు, మనం తల మీదనే సర్దుతాము. ఈ రెండు గుర్తులు చెప్పి, తలుపులు మూసుకునేలోగా పేరు చదివినవారికి ఒక గుర్తు అని పందెం పెట్టండి. తెలుగు గుణింతం సగం వచ్చిన పిల్ల కూడా కబ్బన్ పార్కు చేరేసరికి నాలుగైదు పేర్లు చదువుతుంది. ఆ పిల్లకు తెలుగు అక్షరాల మీద వచ్చే పట్టు సంగతి అటుంచండి. "నాకు రెండు లిపులు వచ్చు" అనే గర్వం మీరు ఇవ్వగల బహుమతులలో చిన్నది కాదు. కన్నడం నుండి పిల్లలను దూరంగా ఉంచేవారు తెలుగును కాపాడడం లేదు. చివరికి ఆ పిల్లలకు ఇంగ్లీషు ఒక్కటే మిగులుతుంది. ఈ నేల మీద అన్నం తింటూ ఈ నేల భాష నేర్చుకోకపోవడం మర్యాద కూడా కాదు.

కబ్బన్ పార్కు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 1870లో ఏర్పడిన ఈ తోటలో ప్రవేశానికి రుసుము లేదు. బాలభవనంలో పిల్లల రైలు ఉన్నది. చెట్ల కింద తీరికగా కూర్చోవచ్చు. పక్కనే కస్తూర్బా రోడ్డు మీద విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం ఉన్నది. 1962లో ప్రారంభమైన ఈ మ్యూజియానికి చాలామంది తెలుగు కుటుంబాలు వెళుతూనే ఉంటాయి. అక్కడ రైటు సోదరుల విమానం నమూనాను చూసి ఫోటో దిగి వస్తారు. ఆ గోడ మీద ఉన్న పేరు ఎవరిదో మాత్రం పిల్లకు చెప్పరు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, అది ఆంధ్రదేశంలోని ఒక ఊరి పేరు, పూర్వులు అక్కడివారు. ఆయన పుట్టింది ఇక్కడికి దగ్గరలో, చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో. 1908లో మూసీ నది పొంగి హైదరాబాదు మునిగినప్పుడు ఆ నగరాన్ని వరదనుండి కాపాడే పథకం వేయడానికి పిలిపించింది ఆయననే. హైదరాబాదులో తాతగారిల్లు ఉన్న పిల్లకు, కర్నూలులో అమ్మమ్మ ఉన్న పిల్లకు, బెంగళూరులో పెరుగుతున్న తన జీవితాన్ని ఆ ఊళ్ళతో కలిపే కథ ఒక్క పేరులో దొరుకుతుంది. దానిని ఇంగ్లీషులో చెప్పి ఎందుకు చప్పబరుస్తారు?

ఇక లాల్‌బాగు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోటకు పూల ప్రదర్శన రోజులలో మాత్రమే వెళ్ళి, జనం తోపులాటలో విసిగి, "ఏముందక్కడ" అని తిరిగివచ్చేవారే ఎక్కువ. మామూలు ఆదివారం ఉదయం ఏడు గంటలకు వెళ్ళండి. అక్కడి కొండరాయి మూడువందల కోట్ల ఏళ్ళ నాటిది. దాని మీద కెంపేగౌడ గోపురం ఉంటుంది. అక్కడికి ఎక్కించండి. ఎక్కితే ఏమి కనబడుతుంది? ఎక్కుతూ ఎక్కడ జారావు? ఎక్కి ఏమి చూశావు? ఎక్కినా చెరువు ఎందుకు కనబడలేదు? చూశారా, నేను పైన చెప్పిన నాలుగు అసమాపక క్రియలూ ఒక్క రాతి మీద దొరికాయి. గాజు ఇల్లు, బ్రహ్మాండమైన బూరుగు చెట్టు, రాయిగా మారిన చెట్టు మాను, చెరువులో కొంగలు, ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠం. చెట్ల పేర్లు మీకే తెలియవంటారా? మంచిది, తెలుసుకోండి. బెంగళూరు వీధులలో హొంగె అని పిలిచేది మన కానుగ. ఎండాకాలంలో ఎర్రగా మండేది తురాయి. ఫిబ్రవరి ప్రాంతంలో ఊరంతా గులాబి రంగు పూలు పూసే టబుబియా చెట్టుకు వాడుకలో తెలుగు పేరు వినబడదు. పిల్లలనే పెట్టమనండి. నా తరగతిలో ఒక పాప దానికి "సిగ్గుచెట్టు" అని పేరు పెట్టింది. ఆ ఏడు ఆ తరగతిలో అంతకంటె మంచి తెలుగు మాట ఎవరూ పలకలేదు.

ఈ షికార్లకు తాతయ్యలను, అమ్మమ్మలను వెంట తీసుకుపోవడం లేదన్నది నా అన్నిటికంటె పెద్ద ఫిర్యాదు. ఊరినుండి రెండు నెలలు ఉండి పోదామని వచ్చిన పెద్దలను పద్నాలుగవ అంతస్తులో టీవీ ముందు కూర్చోబెట్టి, "వాళ్ళు నడవలేరు, విసుగు" అని పిల్లలను మాత్రం తీసుకుని బయలుదేరతారు. నెమ్మదిగా నడిచేవారికే కదండీ మాటలు ఎక్కువ! లాల్‌బాగులో ఒక బెంచీ మీద నాయనమ్మను కూర్చోబెడితే, ఎదురుగా నేరేడు చెట్టు ఉంటే, తన చిన్ననాడు ఆ చెట్టెక్కి పడిన సంగతి ఆమె చెప్పకుండా ఉండలేదు. డబ్బులిచ్చి పెట్టుకున్న ఏ మాస్టారు దగ్గరా అటువంటి భూతకాలపు క్రియలు దొరకవు. ఆ కథలో పిల్లకు సగం మాటలు తెలియవు, అడుగుతుంది. ఆ అడగడమే మనకు కావలసింది.

ఇంకొక మాట చెప్పాలి, ఇది వినడానికి ఇంపుగా ఉండదు. మీ అపార్టుమెంటు పక్కన కొత్త భవనం కడుతున్నచోట, రేకుల షెడ్లలో అనంతపురం నుండి, పాలమూరు నుండి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఆ పిల్లలు రోజంతా తెలుగులో పోట్లాడుకుంటారు, పొడుపుకథలు వేసుకుంటారు, అబద్ధాలాడతారు, నవ్వుతారు. వారిలో చాలామందికి చదవడం రాదు. మీ పిల్లకు చదవడం కాస్త వచ్చు, మాట్లాడడం రాదు. నడుమ ఒక గోడ, ఒక కాపలాదారు. ఆ పిల్లలను మన పిల్లల భాషకు పనిముట్లుగా వాడుకొమ్మని నేను అనడం లేదు. ఆదివారపు తరగతిని గోడకు ఇవతల మాత్రమే పెట్టుకుని, తెలుగు అంతరించిపోతోందని వాపోవడం ఏమి న్యాయమని అడుగుతున్నాను. పార్కులో పెట్టిన తరగతికి గేటు ఉండదు. అక్కడ కథ చదివే పిల్ల, కథ చెప్పే పిల్ల ఒకే చెట్టు కింద కూర్చోవచ్చు. పుస్తకాలకు లోటు లేదు. 2004లో ఈ ఊళ్ళోనే పుట్టిన ప్రథమ్ బుక్స్ వారు తెలుగులోనూ పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. 2015 నుండి వారి స్టోరీవీవర్ అనే చోట ఆ కథలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. మాల్‌లో ఒక్క గంట ఆటకు అయ్యే ఖర్చుతో ఒక తరగతికి సరిపడా పుస్తకాలు వస్తాయి.

ట్రాఫిక్ సంగతి ఎవరో తప్పక ఎత్తుతారు. నిజమే, సిల్కుబోర్డు కూడలిలో ఇరుక్కున్నవారికి భాషాసేవ గుర్తుకు రాదు. కాని అదే ట్రాఫిక్‌లో మాల్‌కు పోతున్నాము కదా. దూరం పోలేనివారికి వారి పేటలోని చెరువు గట్టు చాలు. బొమ్మసంద్ర, సింగసంద్ర, జక్కసంద్ర, ఈ పేర్లలోని సంద్ర సముద్రమే, అంటే పెద్ద చెరువు. మీరు ఊరికి బస్సు ఎక్కే మెజెస్టిక్ బస్‌స్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు. "ఈ బస్సులన్నీ నీళ్ళలో నిలబడ్డాయి" అని చెప్పి చూడండి, ఆ రాత్రి పిల్ల ఎన్ని ప్రశ్నలు వేస్తుందో. ఓపిక ఉన్నవారు ఏడాదికి ఒకసారి లేపాక్షికి పోవచ్చు. బాగేపల్లి దాటి, సరిహద్దు దాటి, దారి పొడుగునా పలకలు కన్నడంనుండి తెలుగులోకి మారడం పిల్ల స్వయంగా చూస్తుంది. ఆ బాగేపల్లిలోనే అటూ ఇటూ రెండు భాషలూ మాట్లాడే జనాన్ని వింటుంది. చింతామణి దగ్గర కైవారం ఉన్నది, తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు చెప్పిన నారేయణ తాతయ్య ఊరు.

అమెరికాలో ఉన్న తెలుగువారు 2007లో మనబడి పెట్టుకుని, మైళ్ళు కారు నడిపి పిల్లలను తీసుకుపోతున్నారు. మనకు హిందూపురం ఒక పూట ప్రయాణం. ఆ దగ్గరతనమే మనలను సోమరులను చేసింది. ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే అనుకుంటాము. ఆ ఎప్పుడైనా వచ్చేసరికి పిల్లకు పదహారేళ్ళు నిండుతాయి.

ఉపాధ్యాయ మిత్రులను నేను కోరేది కొద్దిపాటిది. నెలకు నాలుగు ఆదివారాలలో రెండింటిని గదినుండి బయటికి తీసుకురండి. ఆ రెండు రోజులలో పలక వద్దు, ప్రశ్నపత్రం వద్దు, తిరిగివచ్చాక "నేను చూసిన లాల్‌బాగు" అని వ్యాసం వ్రాయించడం అసలే వద్దు. పిల్లకు ఏ చెట్టును చూసినా తరువాత వ్రాయవలసిన వ్యాసమే గుర్తుకువస్తే ఆ షికారు కూడా పరీక్ష అయిపోతుంది. తల్లిదండ్రులు వెంట వచ్చి తీరాలి, దింపి పోవడం కుదరదు. ఫోను సంచిలో ఉండాలి. పిల్ల ఇంగ్లీషులో అడిగితే కసరకండి, తెలుగులో జవాబు చెప్పండి, మళ్ళీ అడుగుతుంది.

మొదలుపెట్టడానికి ముహూర్తం కావాలనేవారికి బసవనగుడి కడలెకాయి పరిషె ఉన్నది. కార్తీకమాసపు చివరి సోమవారం నాడు దొడ్డ బసవణ్ణ గుడి వీధి పొడుగునా వేరుశనగ కాయల రాశులు పోస్తారు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపునుండి, ఆంధ్రనుండి, తమిళనాడునుండి రైతులు, వ్యాపారులు వస్తారు. చేలో పంట మేసిపోయే బసవణ్ణకు తొలిపంట సమర్పించుకునే ఆచారమని కథ చెబుతారు. (వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట కదా, ఆ కథ ఎప్పటిదై ఉంటుందని పెద్ద పిల్లలు అడిగితే సంతోషించండి.) ఆ రాశుల ముందు నిలబడి మీలో మీరు పోట్లాడుకోండి, పిల్లలు వినేటట్లుగా. గుంటూరు వారు వేరుశనక్కాయలంటారు, హైదరాబాదు వారు పల్లీలంటారు, కర్నూలు వారు బుడ్డలంటారు, చిత్తూరు వారు శెనక్కాయలంటారు. అమ్మేవారు కడలెకాయి అంటారు. కన్నడంలో కడలె అంటే శనగ, కాయి అంటే కాయ. మన శెనక్కాయ, వారి కడలెకాయి రెండూ ఒకే తీరున కట్టిన మాటలని మీ తరగతిలో ఎవరు ముందు పట్టుకుంటారో చూడాలని నాకు ఆశ. సోమవారం కనుక బడి ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు గుడి మెట్ల దగ్గర కలుసుకోండి. నేషనల్ కాలేజి మెట్రో స్టేషనులో దిగితే నడవవచ్చు. గుడ్డసంచి తెచ్చుకోండి, బేరం మాత్రం పిల్లల చేతనే ఆడించండి. అమ్మేవారిలో తెలుగువారు ఎవరో వాళ్ళే కనిపెట్టుకుంటారు.